పేర్లు రాసే లోమాక్స్

హోల్మ్‌చెస్టర్ పెద్ద చర్చి వెనక, పాటల బడి గదిలో, గోడకు ఓక్ చెక్క బోర్డులు రెండున్నాయి. ఒకటి పిల్లలది, ఒకటి గురువులది. గొంతు మారి బయటికి పోయిన ప్రతి కుర్రాడి పేరూ, పోయిన సంవత్సరంతో సహా, మొదటి బోర్డు మీద బంగారు అక్షరాల్లో ఎక్కుతుంది. ఆ పేర్లు రాసేది డెరిక్ లోమాక్స్. ఊళ్ళో సగం దుకాణాల మీద రాత అతనిదే. మాంసం కొట్టు, పళ్ళ డాక్టరు, శవపేటికలు చేసేవాడు, పబ్బులు నాలుగు. అందరి పేర్లూ రాశాడు గాని సొంత కొడుకు పేరు ఆ చెక్క మీద ఏళ్ళ తరబడి రాయలేకపోయాడు. రాయనివ్వలేదు.

కొడుకు రాబిన్ ఎనిమిదో ఏట ఆ బడిలో చేరాడు. మొత్తం పద్దెనిమిది మంది పిల్లలు. ఇల్లు అరమైలు దూరంలోనే ఉన్నా సరే, బడిలోనే పడుకోవాలి. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు మాత్రం తల్లిదండ్రులు వచ్చి చూసుకోవచ్చు. రంగులు పూసుకునేవాడి కొడుకు, సైన్యంలో మేజర్ల కొడుకుల పక్కన నిలబడి, ఎర్ర అంగీ మీద తెల్లటి కుచ్చుల కాలరు పెట్టుకుని లాటిన్‌లో పాడుతుంటే డెరిక్‌కు నిషా ఎక్కింది. పబ్బులో కనపడిన ప్రతివాడికీ చెప్పాడు. నిజానికి ఆ నిషానే కొంప ముంచింది. "నాన్నా, ఆయనంటే భయం" అని కొడుకు నాలుగేళ్ళలో ఎన్నిసార్లు అన్నాడో, డెరిక్ ఒక్కసారీ చెవిన పెట్టలేదు. "భయపడితేనే విద్య వస్తుందిరా" అని పెద్ద తెలిసినవాడిలా పంపేసేవాడు.

ఆయనంటే డాక్టర్ ఆబ్రీ క్రెస్వెల్, పాటల గురువు. ఆయన వైద్యుడు కాదు, సంగీతంలో డాక్టరు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. జన్మలో గొంతు పెంచి ఎరగడు. ఆ అవసరమే రాలేదు ఆయనకు.

1978 క్రిస్మస్‌నాడు జరిగింది అసలు సంగతి. ఆ బడి పిల్లలకు క్రిస్మస్ ఇంట్లో మొదలవదు. పొద్దున పూట ఆరాధన పూర్తయ్యేదాకా వాళ్ళు చర్చికే సొంతం. తల్లిదండ్రులు కార్లలో రొట్టెలూ, ఫ్లాస్కుల్లో టీ పెట్టుకుని ఆవరణలో కాచుకుని ఉంటారు. ఆ పొద్దున రాబిన్‌కు ఒళ్ళు కాలిపోతోంది. వరసలో నడిచి వస్తున్న కొడుకు మొహం చూసి తల్లి మావిస్ జనాన్ని ఆపడానికి కట్టిన తాడు దాటి ముందుకెళ్ళింది.

"డాక్టర్ గారూ, వాడికి జ్వరం. ఇంటికి తీసుకుపోతాం."

"ఆరాధన తర్వాత నిరభ్యంతరంగా తీసుకువెళ్ళండి మిసెస్ లోమాక్స్" అన్నాడు క్రెస్వెల్, ఆగకుండా.

ఒంటరిగా పాడాల్సిన చోట రాబిన్ గొంతు పగిలింది. పగిలిందంటే మామూలుగా కాదు, వెయ్యి మంది వింటుండగా గేటు కిర్రుమన్నట్టు. ఆరాధన అయ్యాక లోపలి గదిలో, మిగతా పదిహేడు మంది ముందు, క్రెస్వెల్ రాబిన్ మెడ నుంచి ఆ కుచ్చుల కాలరును తన చేతులతో విప్పి, అందరిలోకీ చిన్నవాడి మెడకు కట్టాడు. పన్నెండేళ్ళ రాబిన్ ఎర్ర అంగీతోనే బయటికి నడిచొచ్చి, వానలో ఆవరణ దాటి, నాన్న వ్యానులో వెనక రంగు డబ్బాల మధ్య కూర్చున్నాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఆ తర్వాత పాడనూ లేదు, ఎవరి పుట్టినరోజుకైనా సరే.

జనవరిలో బడి నుంచి ఉత్తరం వచ్చింది. మీ కుమారుడు క్రిస్మస్ దినాన బృందాన్ని విడిచి వెళ్ళాడు గనుక అతని పేరు బోర్డు మీద ఉండదు, అని. జ్వరం ఊసు లేదు. డెరిక్ చర్చి పెద్ద దగ్గరికెళ్ళాడు. ఆయన అల్లం బిస్కెట్లు పెట్టి, వాతావరణం గురించి మాట్లాడి పంపేశాడు.

అప్పుడు డెరిక్ మిగతా తల్లిదండ్రుల దగ్గరికి పోయాడు. ఊరికే పోలేదు, పని మీదే పోయాడు. నిచ్చెన ఎక్కి బోర్డు రాస్తున్నవాడికి జనం ఏదైనా చెప్పేస్తారు, మొహం అటు తిరిగి ఉంటుంది కదా. మాంసం కొట్టు ఐరీన్ చెప్పింది, తన పెద్దోడు పక్క తడిపితే ఆ దుప్పటి భోజనాల గదిలో ఆరేయించారని. పళ్ళ డాక్టరు పెలమ్ చెప్పాడు, తన భార్య కొడుక్కి రాసే ఉత్తరాలను క్రెస్వెల్ పొద్దున టిఫిను దగ్గర ఆడగొంతుతో చదివి వినిపించేవాడని. చెబుతూ పెలమ్ తన చేతులు తనే చూసుకున్నాడు.

"ఇదంతా ఒక కాగితం మీద రాసి, అందరం సంతకాలు పెడదాం" అన్నాడు డెరిక్.

"పెట్టొచ్చుగానీ డెరిక్" అంది ఐరీన్, కత్తి తుడుస్తూ, "పెద్దోడు బయటపడ్డాడుగానీ చిన్నోడు ఇంకా లోపలే ఉన్నాడుగా. నీకేం, నీవాడు వచ్చేశాడు."

"వచ్చేశాడు. ఎలా వచ్చాడో చూశావుగా."

"చూశా. అందుకే పెట్టనంటున్నా."

ఒక్క సంతకమూ పడలేదు. ఆ రోజు నుంచి డెరిక్ లోమాక్స్ మనసులో ఒకటే కూర్చుంది: కొడుకు పేరు ఆ చెక్క మీద ఉండి తీరాలి, చేసినవాడు అనుభవించి తీరాలి. రెండిట్లో ఏది ముందు అన్నది అతనికీ తెలియదు.

పని మాత్రం మానలేదు. ప్రతి జులైలో డబ్బా పట్టుకుని పాటల గదికి పోయేవాడు. మావిస్ ఊరుకునేదా.

"పో. పోయి ఊళ్ళోవాళ్ళ పిల్లలకు బంగారం అద్దిరా. మనవాడి పేరు కోళ్ళగూటి మీద రాసుకుందాంలే, ఆ కోళ్ళైనా గౌరవిస్తాయి."

"నేను మానేస్తే వేరేవాడు రాస్తాడు మావిస్. అప్పుడిక ఆ గదిలోకి నన్నెవడు రానిస్తాడు?"

"వచ్చి ఏం చేస్తావట?"

అది అతనికీ తెలియదు. తెలిసే రోజు ఏడేళ్ళకు వచ్చింది.

1985 వేసవిలో క్రెస్వెల్ పదవి నుంచి దిగిపోతున్నాడు. ముప్పై ఒక్క సంవత్సరాల సేవ. పోయే ముందు ఆయన పేరు గురువుల బోర్డు మీదకు ఎక్కాలి. ఆ బోర్డు మీద నాలుగు వందల ఏళ్ళ పేర్లున్నాయి. దానికితోడు, తల్లిదండ్రులంతా తమ జ్ఞాపకాలు రాసిన తోలు అట్ట పుస్తకం ఒకటి ఆయనకు బహూకరిస్తున్నారు. డెరిక్ కొలతలు తీసుకుంటుంటే క్రెస్వెల్ స్వయంగా గదిలోకి వచ్చాడు.

"లోమాక్స్, మీ అబ్బాయి సంగతి. నేను ఆలోచించాను. ఆ ఏటి పేర్ల కింద అతని పేరు చేర్చడానికి నాకు అభ్యంతరం లేదు."

"ఏడేళ్ళు ఆలోచించారన్నమాట."

"చర్చిలో తొందర పనికిరాదు."

డెరిక్ కొలత టేపు చుట్టేశాడు. "బదులుగా ఏం కావాలి డాక్టర్ గారూ?"

"బదులు అనకండి, బాగుండదు. ఆ పుస్తకంలో నలభై కుటుంబాలు రాశాయి. మీ పేజీ ఒక్కటే ఖాళీగా ఉంది. చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

ఆ సాయంత్రం డెరిక్ భోజనం బల్ల దగ్గర సంగతి బయటపెట్టాడు. అప్పటికి రాబిన్ బీరు కంపెనీలో పీపాలు దొర్లించే పనిలో ఉన్నాడు. బంగాళాదుంపలు తింటూ తలెత్తలేదు.

"రాసెయ్" అంది మావిస్.

"అబద్ధం రాయమంటావా?"

"'నిన్న పట్టిన తాజా చేప' అని ఈ ఊళ్ళో ఎన్ని కొట్లకు రాశావు? అవన్నీ నిజాలేనా? నా కొడుకు పేరు ఆ చెక్క మీద చూసి చస్తాను నేను. రాయి."

"నువ్వేమంటావురా?" అని డెరిక్ కొడుకును అడిగాడు.

"అమ్మకు కావాలంటే రాయండి" అన్నాడు రాబిన్. "నేను మాత్రం చూట్టానికి రాను. ఆయన పేరూ అదే గదిలో, నా పేరూ అదే గదిలో. ఇద్దరికీ ఒకే బంగారం. ఏం బాగుంటుంది?"

ఆ మాట డెరిక్‌కు సూదిలా దిగింది. దిగిన చోటే తెల్లారేసరికి ఉపాయమూ మొలిచింది.

పేజీ రాశాడు. ఎక్కడా చిన్న ముల్లు లేకుండా, తియ్యగా రాశాడు. డాక్టర్ క్రెస్వెల్ దయ అనీ, ఓర్పు అనీ, మా కుటుంబం కృతజ్ఞత అనీ. మావిస్ పక్కన కూర్చుని ఇంకొంచెం చక్కెర వేయించింది.

తర్వాతి సోమవారం పొద్దున్నే గదికి వెళ్ళి ముందు కొడుకు పేరు మొదలుపెట్టాడు. చెక్క మీద అక్షరాలు జిగురుతో రాసి, అది వేలికి అంటీ అంటనట్టు అయ్యేదాకా ఆగాలి. అసలు బంగారు రేకును చేత్తో ముట్టుకోకూడదు, ముట్టుకుంటే పొడైపోతుంది. ఉడత వెంట్రుకల చదును కుంచెను చెంపకు రాసుకుంటే కొంచెం జిడ్డు అంటుతుంది, ఆ జిడ్డుకు రేకు లేచి వస్తుంది. అలా ఒక్కో రేకూ లేపి, ఊపిరి బిగబట్టి పరిచాడు. దూదితో మెల్లగా రుద్దితే రాబిన్ లోమాక్స్ అన్న పేరు బయటపడింది. మూడు వందల ఏళ్ళకు కూడా అది అలాగే ఉంటుంది. కాసేపు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

భోజనం తర్వాత గురువుల బోర్డు. పెట్టెలోంచి కాగితాల మధ్య రేకులు పెట్టి కుట్టిన వేరే పుస్తకం తీశాడు. అందులో ఉన్నది ఇత్తడి రేకు. సర్కస్ బళ్ళకూ, తిరునాళ్ళ రంగులరాట్నం గుర్రాలకూ వేసేది. వేసిన రోజున బంగారం కన్నా మిన్నగా మెరుస్తుంది. పైన వార్నిష్ పూయకపోతే రెండేళ్ళలో నల్లబడుతుంది, ఆపైన పచ్చబడుతుంది. ఈ రేకును చేత్తో తీసి అంటించినా ఏం కాదు. కానీ గుమ్మంలో క్రెస్వెల్ నిలబడి చూస్తున్నాడు. అందుకని డెరిక్ ప్రతి రేకుకూ కుంచెను చెంపకు రాసుకున్నాడు, బంగారానికి చేసినంత భక్తిగా.

"నాది మరింత కాంతిగా ఉన్నట్టుంది" అన్నాడు క్రెస్వెల్. ఆయన నవ్వగా డెరిక్ చూడటం అదే మొదలు.

"పెద్ద అక్షరాలు కదా డాక్టర్ గారూ."

"వార్నిష్ వేయరా?"

"పిల్లల పేర్లకు వేశానా? అసలు బంగారానికి వార్నిష్ అవసరం లేదు." ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

క్రెస్వెల్ పుస్తకం పట్టుకుని సముద్రపు ఒడ్డున ఇల్లు తీసుకుని వెళ్ళిపోయాడు. మొదటి ఏడు ఆయన పేరు టీ రంగుకు తిరిగింది. రెండో ఏడు ముదిరింది. ఆ రెండేళ్ళలో డెరిక్ నిచ్చెన ఎక్కిన ప్రతి చోటా, వెనక్కి తిరక్కుండానే, ఒక్కొక్కరికీ విషయం చెప్పాడు. క్రిస్మస్‌నాడు ఆరాధన అవగానే తల్లిదండ్రులు పిల్లల కోసం కార్ల దగ్గర కాచుకోవడం మానేసి, ముందుగా పాటల గదిలోకి తొంగిచూసి వచ్చేవాళ్ళు. ఐరీన్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"మా కొట్లో మూడ్రోజులు మిగిలిపోయిన కాలేయం రంగు వచ్చిందయ్యా. ఈగలు వాలట్లేదు, అదొక్కటే తక్కువ."

పెలమ్ నవ్వలేదు. బోర్డు ముందు చాలాసేపు నిలబడి, బయటికొచ్చి డెరిక్ చెయ్యి గట్టిగా పట్టుకుని ఊపి వెళ్ళిపోయాడు.

1988లో, పూర్వ విద్యార్థుల ఆదివారానికి క్రెస్వెల్ వచ్చాడు. మర్నాడు మధ్యాహ్నం డెరిక్‌కు కబురొచ్చింది. వెళ్ళేసరికి ముసలాయన చేతికర్ర మీద ఆనుకుని గురువుల బోర్డు ముందున్నాడు. పేరు చుట్టూ పాచి పట్టినట్టు పచ్చటి అంచు.

"గోడ చెమ్మ అంటున్నారు" అన్నాడు క్రెస్వెల్.

"ఉన్నది ఒకటే గోడ. మీ పైన ఉన్న పేరు చూడండి. దానికి చెమ్మ తగల్లేదు."

క్రెస్వెల్ ఆ పేరు చూశాడు. తర్వాత పిల్లల బోర్డు వైపు తిరిగి, ఎక్కడ చూడాలో అక్కడ చూశాడు. రాబిన్ లోమాక్స్ ధగధగలాడుతోంది.

"నాది బంగారం కాదు" అన్నాడు చివరికి.

"కాదు."

"ఎవరికి తెలుసు?"

"ఐరీన్‌కు తెలుసు. పెలమ్ గారికి తెలుసు. మీ పుస్తకంలో రాసిన నలభై ఇళ్ళలోనూ తెలుసు."

"ఇన్నేళ్ళలో ఒక్కరూ నాకు చెప్పలేదు."

ముసలాయన గోరుతో మొదటి అక్షరం గీకాడు. గోటికి పచ్చటి పొడి అంటింది.

"బాగు చెయ్యొచ్చా?"

"ఆ, గీకేసి మళ్ళీ వేస్తే సరి. అరపూట పని."

"మీరు చేస్తారా?"

"చెయ్యను."

"వేరేవాళ్ళ చేత చేయిస్తాను."

"చేయించండి. చర్చి పెద్దను అడగాలి. ఎందుకిలా అయ్యిందని ఆయన అడుగుతాడు. లోమాక్స్ ఎందుకు చేశాడని అడుగుతాడు. అప్పుడు క్రిస్మస్ సంగతి మీ నోటితో మీరే మొదలుపెట్టాలి." డెరిక్ టోపీ పెట్టుకున్నాడు. "దుప్పటి సంగతి ఐరీన్ చెబుతుంది. ఉత్తరాల సంగతి పెలమ్ గారు చెబుతారు. ఇప్పుడు వాళ్ళ పిల్లలెవరూ లోపల లేరు."

క్రెస్వెల్ గోటికి అంటిన పచ్చపొడిని జేబురుమాలుతో తుడుచుకున్నాడు. ఆయన ఎవరినీ అడగలేదు. ఆ పేరు ఆకుపచ్చగానే ఉండిపోయింది.

డెరిక్‌కు జాలి కలగలేదు. కలుగుతుందేమోనని దారిలో ఒకసారి వ్యాను ఆపి మరీ చూసుకున్నాడు. లేదు. ఇంటికెళ్ళి మావిస్‌కు మొత్తం చెప్పాడు, మొదటినుంచి చివరిదాకా. పని నుంచి రాబిన్ వచ్చాక మళ్ళీ చెప్పాడు. రాబిన్ బూట్లు కూడా విప్పకుండా కుర్చీ లాక్కుని కూర్చుని విన్నాడు. అంతా అయ్యాక తల్లి కప్పులో మిగిలిన టీ తాగేసి, "ఆ గోరుతో గీకిన ముక్క ఇంకోసారి చెప్పండి నాన్నా" అన్నాడు.