అల్లిపొదకు పోసిన నీళ్ళు

మొన్న విజయనగరంలో ఒక నర్సరీ ముందు కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. నల్ల ప్లాస్టిక్ సంచిలో జానెడు అల్లిమొక్క, దళసరి ఆకులు నిగనిగలాడుతూ. "అడివిలో కూడా దొరకట్లేదమ్మా ఇప్పుడు. నెలకోపాలి నీల్లు పోస్తే సాలు," అన్నాడు అమ్మే ఆయన. ఆ మాట నాకు ఆరేళ్ళప్పుడే చెప్పారు. నేను వింటేనా!

నాన్న పోయాక అమ్మ నెల్లిమర్ల మిల్లులో పనికి కుదిరి, నన్ను బొబ్బిలి దగ్గర పల్లెలో అమ్మమ్మ దగ్గర దింపింది. వెళ్తూ వెళ్తూ పెరట్లో అల్లిపొదను చూపించి, "ఆ పళ్ళు పండీసరికి వొచ్చేస్తాను, ఏడవకు," అంది. అది మాఘమాసం. పొద్దున్నే చోడి అంబలి తాగి, ఆ గరపనేలలో పొద పక్కనే చతికిలబడి, కొమ్మలకు అతుక్కుని పూసిన నీలిపూలను చూస్తూ, ఆటకు ఎవరూ లేక రెండు చేతులకూ పందెం పెట్టి గచ్చకాయలాడేదాన్ని. కుడిచెయ్యి గెలిస్తే అమ్మ వస్తుంది, ఎడమచెయ్యి గెలిస్తే రాదు. ఎడమచేతిని ఒక్కరోజైనా గెలవనిచ్చానా!

పళ్ళు తొందరగా పండాలి, అంతే. అమ్మమ్మ నీళ్ళు పోస్తే ఆనపపాదు ఎంత ఏపుగా పాకిందో చూశాను కదా, అల్లి మొదట్లోనూ పుల్లతో తవ్వి పాదు చేశాను. మధ్యాహ్నం అమ్మమ్మ కునుకు తీసినప్పుడల్లా బోరింగు కొట్టి చెంబుల కొద్దీ పోశాను. ఒకసారి పట్టుకుంది.

"ఒసే, దానికి నీల్లెందుకే? వాననీటికే బతుకుతాది అది!"

మానలేదు. ఉగాది దాటేసరికి ఆకులు పండిపోయి, పిందెలు రాలాయి. దాహమేమోనని ఇంకా పోశాను. చైత్రం వెళ్ళకుండానే పొద చచ్చిపోయింది.

ఇక అమ్మ రాదు. అన్నం ముట్టలేదు, జ్వరం తగులుకుంది. కబురందుకుని అమ్మ పరుగున వచ్చింది. "సెట్టుని నేనే సంపీసినానే అమ్మా," అని నేను వెక్కుతుంటే అమ్మకు మొదట అర్థం కాలేదు. అయ్యాక నన్ను పొదివి పట్టుకుని తనూ ఏడ్చింది. జ్వరం తగ్గాక నన్ను తీసుకుపోతానంది. అమ్మమ్మ నా గౌన్లు మూటకట్టింది.

"తీస్కెల్లిపో. దీని బెంగ నాను సూడలేను."

ఆ పెరట్లో ఇప్పుడు ఎవరిదో డాబా. అమ్మా లేదు, అమ్మమ్మా లేదు, అల్లిపళ్ళు తిని నాలుకలు నల్లగా చేసుకునే పిల్లలూ లేరు. మొక్క కొనకుండానే ఇంటికొచ్చాను. మూడు నెలలు నన్ను పక్కలో వేసుకుని పడుకుంది అమ్మమ్మ. నేనేమో నాకెవరూ లేరనే ఏడ్చాను. ఆ రోజు అమ్మ చెయ్యి పట్టుకుని బస్సు దాకా గెంతుకుంటూ పోయాను. వెళ్ళొస్తానని చెప్పలేదు. వెనక్కి తిరిగైనా చూడలేదు.