మార్చుకున్న వాగ్దానం

డిసెంబరు వచ్చిందంటే మా పాస్టరుగారు పాత పెళ్లికార్డుల కోసం భిలాయిలోని మా సెక్టర్ 2 అంతా సైకిలు మీద తిరిగేవారు. వాటిని చిన్న ముక్కలుగా కోసి, తెల్లగా ఉన్న వైపు బైబిల్లోని వాగ్దానం ఒకటి, కింద అధ్యాయం, వచనం అంకెలు ఎర్ర సిరాతో రాసేవారు. కొత్త సంవత్సరం పొద్దున ఆరాధన అయ్యాక, స్టీలు పళ్లెంలో బోర్లించిన ఆ కార్డుల్లోంచి ఇంటికొకటి తీసుకోవాలి. ఏడాదంతా ఆ ఇంటికి అదే వాగ్దానం.

అసలు వేడుక ఆ తర్వాత ఆవరణలో జరిగేది. ఆడవాళ్లు కార్డులు మార్చుకునేవారు. మేం పిల్లలం దాన్ని అదలా బదలీ అనేవాళ్లం. కష్టాల్లో తోడుంటానన్న వాగ్దానం వస్తే, ఈ ఏడు కష్టాలు ఖాయమని బెదిరిపోయి వదిలించుకునేవారు. సంతానం వాగ్దానం వచ్చిన ముసలమ్మగారు దాన్ని ఎవరింటి కొత్తకోడలికో అంటగట్టేవారు. పాస్టరుగారు చూసీ చూడనట్టు సైకిలు తుడుచుకుంటూ ఉండేవారు.

తొంభైల్లో ఒక ఏడు, ఇతరుల తప్పులు క్షమిస్తే దేవుడు మన తప్పులు క్షమిస్తాడన్న కార్డు అమ్మకు వచ్చింది. అమ్మ ముఖం మాడిపోయింది. భిలాయి మొత్తంలో అమ్మకు పుట్టింటి మనిషంటూ ఉన్నది జాముల్‌లోని పెద్దమ్మ ఒక్కతే. ఆ పెద్దమ్మ అంతకుముందు ఒక ఫంక్షన్లో నలుగురి ముందూ, "మా సెల్లి పిల్లలకి తెలుగు నేదు, హిందీవోళ్లయిపోనారు" అంది. అది చాలావరకు నిజమే. కానీ అప్పట్నుంచి అమ్మ ఆ గడప తొక్కలేదు, ఆవిడ పేరెత్తితే వంటింట్లో గిన్నెలు మోగేవి. పైకి ఎంత బింకంగా ఉన్నా, ఇదివరకు అక్క ఇంటికి వెళ్లే ఆదివారాలు మధ్యాహ్నం మాత్రం ఏం తోచక ఇల్లంతా తిరిగేది.

క్షమించే కార్డును అమ్మ క్షణాల్లో ఎవరికో ఇచ్చేసి, దీవెన అని రాసి ఉన్న కార్డు తెచ్చుకుంది. ఇంటికొచ్చి క్యాలెండరు మేకుకు గుచ్చింది. నాన్న గుడికెళ్లి కొబ్బరికాయ కొట్టే మనిషి. "మా గుళ్లో ప్రసాదం కూడా ఇలా మార్చుకోనివ్వరు" అని నవ్వాడు.

జనవరిలో పాస్టరుగారు ఇంటింటికీ వచ్చేవారు.

"ఏటమ్మా, ఈ యేడు మీ యింటి వాగ్దానం ఏటి?"

అమ్మ గర్వంగా కార్డు చూపించింది.

"ఇది సిరునామాయే కదమ్మా. ఇంటికెళ్లి సూసినావా?" ఇల్లంటే బైబిలు. ప్రతి గడపలోనూ ఆయన అడిగే మాటే అది. బీరువాలోంచి బైబిలు తీయించి, "మొదట్నుంచీ సదువు" అన్నారు.

కార్డు మీది మాట ఉన్న ఆ కీర్తన చాలా చిన్నది. అమ్మ గట్టిగా మొదలుపెట్టి మొదటి వాక్యం దగ్గరే గొంతు తగ్గించింది. తోబుట్టువులు కలిసిమెలిసి ఉండటం ఎంత బాగుంటుందో అని అందులో ఉంది. దేవుడు దీవెన ఉంచుతానన్నది అలాంటి చోటనే.

"మా అక్క సంగతి మీకు తెలిసే రాసినారు కదండీ?" అంది అమ్మ.

"నువ్వు ఏటి తీస్తావో, ఎవరితో మారుస్తావో నాకేటి తెలస్తాది తల్లీ? దేవుడిచ్చిన మాటకి ముందున్నదీ ఎనకున్నదీ రాలిపోకుండా సూడ్డమే నా పని." టీ తాగి, ఇంకో ఇంటికి వెళ్లిపోయారు.

బీరువాలోని బైబిలును ఎవరూ ఎత్తుకుపోరు. మనకు నచ్చని సగాన్ని మనమే జారవిడుచుకుంటాం. ఆయన ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చి ఆ సగాన్నే కాపాడేవారు. ఆయనంటే నాకు ఇప్పటికీ ఎంతో గౌరవం.

అమ్మ కొన్నాళ్లు గిన్నెలు మోగించి, ఒక ఆదివారం "స్కూటర్ తియ్యండి" అంది. నేను ముందు నిలబడ్డాను. వెనక అమ్మ దారంతా వల్లె వేస్తూనే ఉంది.

"నువ్వు పెద్దదానివి గాబట్టి నానే వచ్చినాను. నువ్వన్న మాట మనసులో ఎట్టుకోనేదు."

"ఎట్టుకోకపోతే ఇన్నాళ్లు ఎందుకు రానేదని అడుగుద్ది. దానికీ జవాబు సూసుకో" అన్నాడు నాన్న.

జాముల్ రోడ్డు మీద సిమెంటు లారీలు మమ్మల్ని తెల్లగా చేసి వదిలాయి. తలుపు తీసిన పెద్దమ్మ అమ్మను పైనుంచి కిందికి చూసింది. నాకు భయం వేసింది. అమ్మ నోరు తెరిచింది.

"ఏటే, ఇంత దుమ్ములో తలమీద కొంగేసుకోకుండా వచ్చీసినావా?" అంటూ పెద్దమ్మ తన పైటచెంగుతో అమ్మ జుట్టు దులిపి, ముఖం తుడవసాగింది.

దారంతా వల్లె వేసుకున్న మాటలన్నీ అమ్మ వదిలేసింది. తల వంచి, అక్క చేతి కింద అలాగే నిలబడింది.