కత్తెరక్క పాత కంప్యూటర్

"నేను చెప్పేది ఒకటే. ఆ డబ్బా అక్కడున్నంత కాలం ఇక్కడ ఒక్క చొక్కాకీ చెయ్యి అతకదు" అంటున్నాడు కటింగ్ మాస్టర్.

"నామీద పడతారేంటి మాస్టారూ? ఏడాది నుంచి తీసేద్దామని మొత్తుకుంటున్నది నేనే కదా. ఆవిడ తియ్యనిస్తేగా" అన్నాడు ఆ బట్టల ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసే అతను.

చెక్క అడ్డుగోడకు ఇవతల, చొక్కాల నమూనాలు గీసే కత్తెరక్క స్కేలు కింద పెట్టింది. డబ్బా అంటే తన కంప్యూటర్. ఆవిడంటే తనే.

గొడవ నూట ఎనభై జతల చేతుల గురించి. నర్సుల యూనిఫాంకి చంక ఇరుగ్గా ఉందని కబురొస్తే, మంగళవారం కత్తెరక్క చంకను అరంగుళం పెంచి, దానికి తగ్గట్టు చేతి నమూనానూ మార్చింది. చొక్కా ఒంటి ముక్కలను ఆమె గీసిచ్చిన కాగితాలు పరిచి కోశారు. చేతుల్ని మాత్రం కటింగ్ గదిలోని యంత్రం, అక్కడి కంప్యూటర్లో ఉన్న ఫైలు చూసుకుని కోసింది. అది పాత నమూనా, పెంచిన చంకకు చాలదు. ఆమె డబ్బా కొత్త ఫైలును పంపలేదని మాస్టర్ తేల్చేశాడు. సాయంత్రంలోగా దాన్ని పీకేస్తానని రెండోవాడు మాటిచ్చేశాడు.

డబ్బా పోతే దానికి తగిలించిన ప్లాటర్ కూడా పోతుంది. కాగితం మీద నమూనాలు గీసే ఆ యంత్రం కొత్త కంప్యూటర్ల మాట వినదు. ప్లాటర్ లేకపోతే కత్తెరక్క ప్యాకింగ్‌కి పోవాలి. ఇరవయ్యారేళ్లుగా, బట్ట తానులో ఉండగానే చొక్కాను చూడగలిగిన మనిషి అట్టపెట్టెలకు టేపు అంటించాలి.

నిజం చెప్పాలంటే ఆ కంప్యూటర్ ముసలిదే. ఆఫీసువాళ్లు ఫైళ్లు పంచుకోవడానికి కొత్త ఏర్పాటు తెచ్చినప్పుడు అందరికీ ఒక యాప్ ఎక్కించారు. ఫోల్డర్లో పడేస్తే చాలు, ఫైలు తనంతట తనే అందరికీ చేరుతుంది. కత్తెరక్క కంప్యూటర్ ఆ యాప్‌ని గడప తొక్కనివ్వలేదు. ఆమెకు మిగిలింది బ్రౌజర్లో తెరుచుకునే పేజీ ఒక్కటే. ఆ పేజీ నెత్తిమీద ఎప్పుడూ ఒక పసుపు పట్టీ ఉంటుంది, ఈ బ్రౌజర్ పాతబడింది, మార్చుకోండి అంటూ. కత్తెరక్క దాన్ని అత్తగారి సణుగుడు కింద జమ కట్టింది. వినబడుతూనే ఉంటుంది, పని మాత్రం ఆగదు.

అందరికీ ఫైళ్లు వాటంతటవే వస్తాయి. ఆమె వెళ్లి తెచ్చుకోవాలి. పొద్దున్నే పేజీ తెరిచి, ఫైలు పక్కనున్న తేదీ, టైమూ చూసి దించుకుంటుంది. పని అయ్యాక ఎక్కిస్తుంది. ఎక్కించినదాన్ని మళ్లీ దించి, ఒక కుట్టు పొడవు కొలిస్తేగానీ ఆమెకు నమ్మకం కుదరదు. ఈ చాదస్తం చూసి కుర్రాళ్లు నవ్వుకునేవారు. ఆమె పట్టించుకునేది కాదు. పుట్టింట్లో తండ్రి కుట్టుమిషను పక్కన, రెండుసార్లు కొలిచాకే కత్తెర ముట్టుకోనిచ్చేవారు మరి.

ఆమె లేచి కటింగ్ గదిలోకి వెళ్లింది. చేతి నమూనా ఫైలు చూపించమంది. మాస్టర్ చూపించాడు. పక్కన ఆకుపచ్చ టిక్కు నిగనిగలాడుతోంది.

"చూడక్కా, అంతా సరిగ్గానే ఉంది. రావాల్సిందే రాలేదు" అన్నాడు మాస్టర్.

"తేదీ చదవండి మాస్టారూ."

సోమవారం.

అదే కంప్యూటర్లో బ్రౌజర్ తెరిపించి, పేజీలో అదే ఫైలు చూడమంది. మంగళవారం, నాలుగూ పది. ఎక్కించినవారి చోట ఆమె పేరు. కంప్యూటర్లతను యాప్‌ను తెరిచి లోపల వెతికాడు. సోమవారం సాయంత్రం అది పాస్‌వర్డ్ మళ్లీ కొట్టమని అడిగింది. ఎవరూ కొట్టలేదు. అప్పటినుంచి కొత్త ఫైలు ఒక్కటీ దించలేదు.

తెర మీద ఏదో చిన్న పెట్టె పైకొస్తే ప్రకటన అనుకుని మూసేశానన్నాడు మాస్టర్. టిక్కు ఉంది కదా అని కూడా అన్నాడు. పాత ఫైలు భద్రంగా ఉందనే ఆ టిక్కుకి అర్థమని, కొత్తది వచ్చిందని కాదని కంప్యూటర్లతను నసిగాడు. ఆ సంగతి ఇన్నాళ్లూ అతను ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన పని తనదేనని అతని మొహమే చెబుతోంది.

కత్తెరక్క గొంతు పెంచలేదు. కోసిన చేతుల్ని చిన్న సైజులకు సర్దే దారుందని, భోజనాల లోపు గీసిస్తానని మాస్టర్‌కి చెప్పింది. అతను తలూపి, ఆ కట్టలన్నీ తనే మోసుకొచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

కంప్యూటర్లతను ఆమె వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పీకేద్దామని తెచ్చుకున్న స్క్రూడ్రైవర్ ఇంకా జేబులోనే ఉంది.

"అక్కా, దీన్ని ఇప్పట్లో కదపనులే. కానీ ఎప్పటికీ ఉండదిది."

"నాకు తెలీదా నాయనా? రేపో మాపో పోయేదే" అందామె, ప్లాటర్‌లోకి కాగితం ఎక్కిస్తూ. "నువ్వు కొత్త కంప్యూటరూ, దాని మాట వినే ప్లాటరూ తెచ్చిన రోజున దీని వైరు పీకకు. నెల్లాళ్లు రెండిట్నీ పక్కపక్కన పెట్టు. ఒకే నమూనా రెండిట్లోనూ గీయిద్దాం, కొలత నేను చూస్తాను. వెంట్రుకంత తేడా లేదని నా నోటితో నేనన్నాకే దీన్ని తీసుకెళ్లు. ఈ ఒక్కటీ చేసిపెట్టు."