నాలుగు లైట్లంటే సీదానా?

తెలంగాణ రాకముందు ముచ్చట. అమ్మను వెనుక సీట్ల కూసోబెట్టుకొని నారపల్లి నుంచి కారుల ఉప్పల్ వస్తున్న. మేడిపల్లి కాడ బర్రెలు అడ్డమొచ్చినయ్. గట్టిగ బ్రేకు తొక్కి, వెనుకోళ్లకు తెల్వాలని నాలుగు ఇండికేటర్లు ఏసిన. అయినా వెనుకున్న వ్యాను వచ్చి గుద్దింది. ముందు సీటుకు తాకి అమ్మ నొసలు పగిలింది.

దిగి, వ్యాను డ్రైవర్ కాలర్ పట్టిన. “లైట్లు కనవడలేదారా?”

“కనవడ్డయన్నా! నాలుగేసినవ్ గద, సీదా పోతున్నవనుకున్న!”

చుట్టూ చేరినోళ్లు గూడ “అవు, నాలుగంటే సీదానే” అన్నరు. నా ఒళ్లు మండింది.

నొసటికి కొంగు అదుముకుంటనే అమ్మ అన్నది: “మొన్న ఉప్పల్ చౌరస్తాల సీదా పోనీకె నువ్వు గూడ నాలుగేస్తివి గద బిడ్డా!”

కాలర్ ఇడిసిన. ఇప్పటికీ చౌరస్తాల ఎవడన్న గట్ల లైట్లేస్తే నాకు మస్తు కోపమొస్తది. ముందుగాల నా మీదనే.