శీనయ్య పేరు పక్కన మాట

ఎదురింటివాళ్లు గేటుకు పేరుపలక చెక్కిస్తున్నారు. రాతిమీద ఉలి పడే చప్పుడు పొద్దున్నుంచీ వింటుంటే రమణయ్యగారు గుర్తొచ్చారు. మైపాడు దగ్గరి ఒక పాలెంలో నేను ఉపాధ్యాయుడిగా చేరినప్పుడు ఆయన మా హెడ్మాస్టరు. పొట్టి మనిషి. నేను రాసిన ప్రతి దరఖాస్తులోనూ రెండు మాటలైనా కొట్టేయనిదే సంతకం పెట్టేవారు కాదు.

రెండో ప్రపంచయుద్ధంలో మునిగిపోయిన ఒక విదేశీ ఓడలోని ఆరుగురు నావికుల శవాలు ఆ పాలెం దగ్గరికి కొట్టుకొచ్చాయట. జాలర్లు వాటిని ఒడ్డుకు లాగి సరుగుడు తోపు పక్కన పూడ్చారు. ఆ పనికి నీళ్లలో దిగిన శీనయ్య మాత్రం తిరిగి రాలేదు. చాలా ఏళ్లకు, పందొమ్మిదివందల అరవై ప్రాంతంలో, నావికుల బంధువులు అక్కడొక స్మారకశిల నిలపమని పంచాయతీకి ఉత్తరం రాశారు. ఇంగ్లీషు వాక్యాలు వాళ్లే పంపి, శీనయ్య గురించి కింద తెలుగులో మీరు రాయండి అన్నారు. ప్రెసిడెంటుగారు ఆ పని నాకు అప్పగించారు. ‘పరదేశ వీరుల కోసం ప్రాణత్యాగం చేసిన మహనీయుడు శీనయ్య’ అని రాశాను. ఆయన మురిసిపోయారు. రమణయ్యగారు కాగితం చూసి, “శీనయ్య వాళ్లావిడకు చదివి వినిపించావా?” అన్నారు. ఆ ఆలోచనే నాకు రాలేదు.

శీనయ్య భార్య పోలమ్మ ఇసుకలో చేపలు ఆరబోస్తూ విన్నది.

“త్యాగమంటే ఏంది అయ్యోరా?”

“తనంతట తానే ప్రాణం ఇచ్చేయడం.”

“ఆయన ఇయ్యలేదే. అల లాక్కపోయింది. చంటిబిడ్డతో నన్నొదిలేసి తనంతట తాను పొయ్యేవాడా? నా కూతురది చదివితే, నాయన మనల్ని వద్దనుకున్నాడు అనుకోదా?”

వచ్చి రమణయ్యగారికి చెప్పాను. ఆయన నేరుగా పంచాయతీ ఆఫీసుకు నడిచారు.

“ఆ మాట తీసేస్తే ఇంకేముందయ్యా? పెద్ద ఆఫీసర్లొస్తా ఉంటే, మునిగి చచ్చినాడని చూపించమంటావా?” అన్నారు ప్రెసిడెంటుగారు.

“ఆ మాట చెక్కిస్తే ఆవిష్కరణకు నేనూ రాను, నా బడిపిల్లలూ రారు.”

“నిన్ను బదిలీ చేయిస్తా.”

“చేయించండి.”

పాలెంలో చాలామంది ప్రెసిడెంటు పక్షమే. మనవాడికి గొప్ప పేరొస్తుంటే ఈయనకేం నొప్పి అన్నారు. వారం రోజులు రమణయ్యగారితో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. చివరికి పోలమ్మే ఆఫీసు ముందుకొచ్చి నిలబడింది. “పేరుండాల. అబద్ధం వద్దు,” అంది. ప్రెసిడెంటుగారు నేను రాసిన కాగితం మడిచి పక్కన పెట్టేశారు. మరేం రాయమంటావని రమణయ్యగారు అడిగితే, తనే చెప్పింది. రాతిమీద అదే పడింది: ‘ఈ ఆరుగురినీ ఒడ్డుకు చేర్చబోతే అల లాక్కుపోయిన జాలరి శీనయ్య. ఇంటికి రావలసిన మనిషి.’

ఆ ఎండాకాలమే రమణయ్యగారికి దొరవారిసత్రం బదిలీ అయింది. ఆయన పుస్తకాలు మూట కడుతుంటే క్షమాపణ చెప్పబోయాను. “నీకు తెలుగు బాగానే వచ్చు. అడక్కుండా రాశావు, అంతే,” అన్నారు.

చాలా ఏళ్లకు ఆయన చనిపోయినప్పుడు సంతాపసభకు నాలుగు మాటలు రాయమన్నారు. సభకంటే ముందు వాళ్లింటికి వెళ్లి ఆయన భార్యకు చదివి వినిపించాను. ‘శాంతమూర్తి’ అన్నచోట ఆమె కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. “ఆయనా?” అంది. జేబులోంచి పెన్ను తీసి ఆ మాట కొట్టేశాను.