వెనక తలుపుకు కట్టిన దండ

మిలిటరీవాళ్లు వేలంలో అమ్మేసిన ట్రక్కును కృష్ణగిరి నుంచి మత్తిగిరికి ఇంకో లారీకి కట్టి లాక్కొచ్చి ఎనిమిది నెలలైంది. పాత బండ్లు బాగుచేయడం నాకున్న పిచ్చి. అచ్చం మిలిటరీ పచ్చరంగే కావాలని ఎన్ని అంగళ్లు తిరిగానో!

ఈ రోజు ఇంజన్ స్టార్టయింది. సంబరంగా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, మా వీధిలో పూలమ్మే మునెమ్మను పెద్ద దండ తెమ్మన్నాను.

ఆమె వచ్చి, బండిని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. తర్వాత బండి వెనక్కి వెళ్లి, వెనక తలుపుకు దండ కట్టసాగింది.

"ఆడ కాదు మునెమ్మా, ముందర కట్టాల," అన్నాను నవ్వుతూ.

"మా పెద్దోడు మిలిటరీలో ఉండంగానే పోయినాడప్పా. ఇట్లాంటి బండిలోనే ఇంటికి తెచ్చినారు. ఈడ నుంచే దించినారు," అంది ముడి వేస్తూ.

నేను ఇంజన్ ఆపేశాను. నిమ్మకాయలు ఇంకా చక్రాల కిందే ఉన్నాయి. ఆ దండను విప్పడానికి చేతులు రావడం లేదు. రంగు మార్చేయమంటారా? మీరైతే ఏం చేస్తారు?

పచ్చరంగు అచ్చంగా కుదిరిందని పొద్దున ఎంత మురిసిపోయానో.