రూతమ్మ పదకొండేళ్ల ఉపవాసం

ప్రియ సహోదరులారా, సహోదరీలారా! నా చీకటి రోజుల గురించి రాయమని మన సంఘకాపరి అడిగారు. ఆ రోజుల్లో చూసేవాళ్లకు నేను వెలిగిపోతూ కనిపించేవాణ్ణి! వైద్య కళాశాలలో స్త్రీల వైద్యం బోధించే ప్రొఫెసర్ని, సెలవులకు నరసరావుపేట వచ్చి రోగులను చూసేవాణ్ణి, పల్నాడులో సగం మందిని ఈ చేతులతోనే భూమ్మీదికి తెచ్చాను! సగమంటే మరీ సగం కాదు, నకరికల్లు, మాచవరం వైపు ఓ నాలుగు వీధులు నిండుతారు. అబద్ధం తగ్గించడం దేవుడు నేర్పాడు గాని, పూర్తిగా మానడం ఇంకా నేర్చుకుంటున్నాను.

పిల్లలు పుట్టకపోతే భార్యతోపాటు భర్తనూ పరీక్షించాలని పందొమ్మిదివందల యాభైల్లోనే బల్లగుద్ది పాఠం చెప్పినవాణ్ణి నేను. అంతటివాడికీ ఇంట్లో ఉయ్యాల లేదు. పెళ్లైన రెండో ఏటే ఎవరికీ తెలియకుండా నా పరీక్ష నేనే చేసుకుంటే, మైక్రోస్కోపు కింద ఒక్క వీర్యకణమూ కనబడలేదు. పదహారేళ్లప్పుడు వచ్చిన గవదబిళ్లల పని అది. నావల్ల పిల్లలు పుట్టరు. ఆ కాగితాన్ని ట్రంకుపెట్టె అడుగున దాచి, నా భార్య రూతమ్మతో మాత్రం, ఇద్దరం బాగానే ఉన్నాం, దేవుని సమయం రావాలి అన్నాను.

నా తప్పును దేవుని మీదికి నెట్టాను సహోదరులారా! రూతమ్మ నమ్మింది. ప్రతి శుక్రవారం మంచినీళ్లైనా ముట్టకుండా ఉపవాసం ఉండేది. సంఘంలోని స్త్రీలు ఆమె తలమీద చేతులుంచి, "ప్రభువా, ఈ గొడ్రాలి నింద తీసెయ్యి తండ్రీ" అని ఏడ్చి ప్రార్థిస్తుంటే, నేను వెనక బల్లమీద కూర్చుని అందరికంటే గట్టిగా ఆమేన్ అనేవాణ్ణి. పదకొండేళ్లు!

అరవైల్లో ఒకరోజు బొల్లాపల్లి నుంచి వీరయ్య అనే రైతు తన భార్యను తీసుకొచ్చాడు. ఆమెలో ఏ లోపమూ కనబడక, ఇక నిన్ను చూడాలి అన్నాను.

"కడుపు పండనిది దీనికైతే నన్ను చూసేదేందయ్యా?" అని మండిపడ్డాడు. నా పాఠమంతా అప్పజెప్పాను. చివరిదాకా విని, "సరే డాక్టరుగారూ, తమకెంతమంది పిల్లలు?" అన్నాడు.

"లేరు."

"మరి తమరు చూపించుకున్నారా?"

"చూపించుకున్నాను. నాలో ఏ లోపమూ లేదు."

"అయితే నాలోనూ లేదులెండి" అని లేచాడు. "పదవే, నిన్ను మీ పుట్టింట్లో దించి ఇంకోదాన్ని తెచ్చుకుంటా. చానా ఏళ్లు చూశా."

ఆమె కొంగు సర్దుకుని అతని వెనకే నడిచింది. ఆ నడకలో నాకు రూతమ్మ కనిపించింది. "ప్రభువా, ఈ అబద్ధంలోనుంచి నన్ను బయటికి లాగు" అని లోపల కేక వేశాను. ఎలా లేచానో తెలియదు, గుమ్మానికి అడ్డం నిలబడి ఉన్నాను!

"ఆగు వీరయ్యా. మా ఇంట్లో లోపం నాదే. నా భార్యకైనా చెప్పలేదు."

వీరయ్య తిరిగొచ్చి బల్లమీద కూర్చుని, "మా ఊళ్లో మాత్రం చెప్పబాకండి" అన్నాడు.

ఆ సాయంత్రమే ట్రంకుపెట్టె తెరిచి, ఆ కాగితాన్ని రూతమ్మ చేతిలో పెట్టాను. ఆమె నాతో మాట్లాడలేదు. ఆదివారం ఆరాధనలో లేచి, ఆమెను గొడ్రాలన్నవాళ్లందరూ వింటుండగా, ఆ నింద నాదేనని ఒప్పుకున్నాను. దేవునికే మహిమ! అప్పటినుంచి పదవీ విరమణ దాకా, ప్రతి ఏడూ కళాశాలలో నా మొదటి పాఠం ఆ కాగితమే. అది చూసి డాక్టర్లయినవాళ్లు ఎన్ని ఊళ్లలో ఎందరు భర్తలను కూర్చోబెట్టారో! ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు, గర్వంగానే చెబుతున్నాను.

మీ పెట్టె అడుగున ఏముందో ప్రభువుకు తెలుసు సహోదరులారా. ఆయనను నమ్మి బయటికి తీయండి, ఆయన మిమ్మల్ని కూలిపోనివ్వడు.

ఆ ఆదివారం చర్చి మెట్లు దిగుతూ రూతమ్మ మొదటిసారి నోరు విప్పింది. "పదకొండేళ్లు నాచేత ఉపవాసం పెట్టించారు గదండీ. ఈ శుక్రవారం నుంచి మీరుండండి."

ఈ రోజు వరకు ఒక్క శుక్రవారమూ తప్పలేదు! అంటే, మధ్యాహ్నం ఒక గ్లాసు మజ్జిగ తాగుతాను. రూతమ్మకు చెప్పే తాగుతాను. ప్రభువుకు వందనాలు.